కప్పు చెమర్చితే తప్పు ఎవరిది?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం ఒక ప్రాజెక్టులో డూప్లెక్స్ ఇల్లు కొని స్వాధీనం చేసుకున్నాం. పై అంతస్తులో వాలు కప్పు కింద ఉన్న పడకగదిలో చలికాలం వస్తే చాలు, తెల్లవారేసరికి సీలింగ్ చెమరుస్తోంది, మూలల్లో నల్లగా బూజు పడుతోంది. లీకేజీ లేదు కాబట్టి తనకు సంబంధం లేదని, 5 ఏళ్ల హామీ స్తంభాలకూ శ్లాబుకే తప్ప వీటికి కాదని బిల్డరు అంటున్నారు. కిటికీలు తెరవకపోవడం మా తప్పట. నిజమేనా?

జవాబు: హామీ గురించి ఆయన చెప్పింది సగమే. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రేరా చట్టం, 2016లోని 14(3) సెక్షన్ నిర్మాణ లోపంతో ఆగదు. పనితనంలో, నాణ్యతలో లోపాలనూ చేర్చింది. స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోగా మీరు లోపాన్ని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో అదనపు రుసుము లేకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. మీకు ఇంకా ఏడాది మిగిలి ఉంది. ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

అసలు చిక్కు కిటికీల మాటలో ఉంది. దాన్ని కొట్టిపారేయకండి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉండే వీలుంది. గది 20 డిగ్రీల వద్ద ఉండి, గాలిలో తేమ 60 శాతం ఉంటే, సుమారు 12 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదైనా ఆవిరి నీరవుతుంది. బూజుకు అంత చలి కూడా అక్కర్లేదు. మూసిన గదిలో తడిబట్టలు ఆరేస్తూ తేమను 80 శాతానికి తెచ్చుకుంటే మీ కేసు బలహీనపడుతుంది. తేమ 60 శాతం లోపే ఉన్నా వాలు భాగం మాత్రమే తడిసి, అదే గదిలో సమతలంగా ఉన్న సీలింగ్ పొడిగా ఉంటే, లోపం ఆ వాలు కప్పు ఇన్సులేషన్‌లో (వేడి, చలి దాటకుండా వేసే పొరలో) ఉందని అనుమానించాలి.

అందుకే తేమ కొలిచే చిన్న పరికరం కొని, రెండు మూడు వారాలు ఉదయం, రాత్రి అంకెలు రాసుకోండి. వాన పడని రోజుల్లో తడిసిందని తేదీలతో ఫొటోలు తీయండి. చలి ఉన్న తెల్లవారుజామున థర్మల్ కెమెరాతో (ఎక్కడ ఎంత చల్లబడిందో చూపే కెమెరా) ఇంజనీరు చేత పరీక్ష చేయించి రాతపూర్వక నివేదిక తీసుకుంటే, నా అనుభవంలో, పది నోటీసుల కన్నా అదే గట్టిగా పనిచేస్తుంది. విక్రయ ఒప్పందంలో, బ్రోచర్‌లో కప్పుకు ఇన్సులేషన్ వేస్తామన్న మాట ఉందేమో వెతకండి. బ్రోచర్‌లో ఉంటే, తప్పుడు ప్రకటనకు సంబంధించిన 12వ సెక్షన్ కూడా మీకు తోడవుతుంది.

30 రోజులు గడిచినా కదలిక లేకపోతే మరమ్మతు కోసం రేరా అథారిటీకి ఫిర్యాదు చేయండి. పరిహారం మాత్రం అక్కడి అడ్జుడికేటింగ్ అధికారి నిర్ణయిస్తారు, దానికి వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. వినియోగదారుల కమిషన్ దారీ ఉంది కానీ, అక్కడ రెండేళ్ల గడువు ఉంటుంది. మొదటి చలికాలంలోనే బూజు కనిపించి ఉంటే ఆలస్యమైందని బిల్డరు తరఫు న్యాయవాది మొదట అదే ఎత్తుతారు. మీకు రేరాయే మేలు.

నోటీసు అందాక బిల్డరు మనిషి ఒకరు రంగు డబ్బాతోనో, జిప్సం బోర్డులతోనో రావచ్చు. మచ్చలు కప్పేసి, ‘పని సంతృప్తికరంగా పూర్తయింది’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే, ‘బూజు మీద రంగు వేశారు, కారణం సరిచేయలేదు’ అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.