అరుదైన పుస్తకాలు, తెరుచుకోని సైట్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వందేళ్ల కిందటి ఒక యాత్రా గ్రంథం కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. దాని స్కాన్ ఒక సైట్‌లో ఉందని ఈమధ్యే తెలిసింది. ఇంట్లో వైఫై మీద ఆ సైట్ అసలు తెరుచుకోవట్లేదు, ఫోన్ డేటా మీద మాత్రం వస్తోంది. స్నేహితులేమో వీపీఎన్ పెట్టుకోమంటున్నారు. అది తప్పు పనా? వేరే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: వీపీఎన్ (మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆ సైట్‌ని ఆపుతున్నది ఎవరో తేల్చుకోండి, చేయాల్సిన పని దాన్నిబట్టే మారుతుంది. ఒక్కోసారి ఎవరూ ఆపి ఉండరు, సైటే పడిపోయి ఉంటుంది. 2024 అక్టోబరులో, పుస్తకాల స్కాన్లు ఉచితంగా పెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు కొన్ని రోజులు అది ఎవరికీ అందలేదు, అలాంటప్పుడు మనం ఇక్కడ కూర్చుని ఎన్ని సెట్టింగులు మార్చినా దండగే. మీకు ఒక నెట్‌వర్క్ మీద వస్తూ ఇంకోదాని మీద రావట్లేదంటే సైట్ బాగానే ఉన్నట్టు, అడ్డు చాలావరకు మీ ఇంటి ఇంటర్నెట్ కంపెనీ దగ్గరే ఉన్నట్టు.

ఆ అడ్డు చాలాసార్లు డీఎన్ఎస్ దగ్గర పెడతారు. మీరు సైట్ పేరు కొట్టగానే బ్రౌజర్ ఆ పేరుకి అంకెల అడ్రస్ ఏమిటని అడుగుతుంది, మామూలుగా ఆ ప్రశ్న వెళ్లేది మీ కంపెనీ సర్వర్‌కే, పేరు బ్లాక్ లిస్టులో ఉంటే అది తప్పు అడ్రస్ ఇస్తుంది లేదా అలాంటి సైటే లేదని చెప్పేస్తుంది. కాబట్టి ఆ ప్రశ్న వేరే చోట అడిగేలా చేయడమే మొదటి ప్రయత్నం. గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, క్వాడ్9ది 9.9.9.9, మూడూ ఉచితమే. అయితే రౌటర్‌లో ఉత్తినే అంకెలు మారిస్తే కొన్ని కంపెనీలు ఆ ప్రశ్నని కూడా దారిలో పట్టుకుని తమ జవాబే చేతిలో పెడతాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అనీ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్ఎస్ లాంటి పేరుతోనూ ఒక సెట్టింగ్ ఉంటుంది, అందులో ప్రశ్న ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది కాబట్టి మధ్యలో ఎవరూ మార్చలేరు. ముందు అది ప్రయత్నించండి.

దానికీ లొంగకుండా 'కనెక్షన్ రీసెట్' అని వస్తుంటే అడ్డు ఇంకాస్త లోపల ఉండి ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ సైట్ అయినా సరే, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైట్ పేరు సాధారణంగా బయటికి కనబడేలాగే వెళ్తుంది, కంపెనీ దాన్ని చూసి లైన్ కట్ చేస్తుంది. ఇక్కడికొచ్చాకే వీపీఎన్ గానీ టోర్ బ్రౌజర్ గానీ. టోర్ ఉచితం, మూడు సర్వర్ల మీదుగా తిప్పి తీసుకెళ్తుంది, అందుకే పెద్ద పీడీఎఫ్ దింపాలంటే మాత్రం ఓపిక ఉండాలి.

తప్పా అని అడిగారు. చాలా దేశాల్లో వీపీఎన్ వాడటం నేరం కాదు, కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి, కోర్టు ఆదేశంతో మూసిన సైట్ అయితే మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకోవాలి. పుస్తకం కాపీరైట్ మాత్రం వీపీఎన్ పెట్టినంత మాత్రాన మారిపోదు. రచయిత పోయాక 60 ఏళ్లని కొన్ని దేశాల్లో, 70 ఏళ్లని కొన్ని దేశాల్లో లెక్క, అది దాటితే టెన్షన్ లేదు. అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది, అది మాత్రం చాలామంది మర్చిపోతారు.

ఇంత చెప్పాక నా అసలు అభిప్రాయం చెబుతాను: ఆ సైట్ కోసం ఇంత కుస్తీ పట్టేముందు పుస్తకం ఇంకెక్కడుందో వెతకండి. బ్లాక్ పడేది ఒక అడ్రస్ మీద, దాంట్లో ఉన్న పుస్తకాన్ని ఎవరూ చూసి ఉండరు కూడా. 2017 ఆగస్టులో మద్రాసు హైకోర్టు సినిమా పైరసీ ఆపమని ఇచ్చిన ఆదేశాల్లో 2,600కు పైగా అడ్రసులుంటే, వాటిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా కొట్టుకుపోయింది. సినిమాల గొడవకి పుస్తకాలు బలైపోయాయన్నమాట! హక్కులు తీరిన పాత పుస్తకం ఒక్కచోటే ఉండటం తక్కువ. గూగుల్ బుక్స్, విశ్వవిద్యాలయ లైబ్రరీలు కలిసి నడిపే హాతీట్రస్ట్, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, యూరోపియానా, వికీమీడియా కామన్స్, ఇవన్నీ ఒక్కసారి తిరగండి. వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి, స్కాన్ చేసినవాళ్లు పేర్లు ఘోరంగా రాస్తారు, తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎలా ఉంటాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. రచయిత ఇంటిపేరు ఒక్కటే కొట్టండి, స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చండి, ప్రచురణ సంవత్సరం కలిపి చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్ మూతపడినా దాని స్కాన్లు లక్షల్లో ఆర్కైవ్‌లోకి చేరాయి, వాటిని ఇలాగే పట్టుకోవాలి.

ప్రశ్న: 1915లో అచ్చయిన పుస్తకం హాతీట్రస్ట్‌లో ఉంది కానీ లోపల వెతకడానికి మాత్రమే వీలుంది, చదవనివ్వట్లేదు. అమెరికాలో ఉన్న మా అన్నయ్యకి మొత్తం కనబడుతోంది. ఇదేం న్యాయం?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: న్యాయం కాదు, భయం. అమెరికాలో ప్రచురణ తేదీ నుంచి 95 ఏళ్లు దాటితే పుస్తకం అందరిదీ. బయటి దేశాల్లో రచయిత ఎప్పుడు పోయాడన్నది లెక్క, ప్రతి రచయిత చావు తేదీ తేల్చడం హాతీట్రస్ట్‌వాళ్లవల్ల కాదు కాబట్టి, మీ ఐపీ అడ్రస్ బట్టి మీరు అమెరికా బయట ఉన్నారని తెలియగానే చాలా పుస్తకాలకి మరీ పాత హద్దు ఒకటి పెట్టేస్తారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. ముగ్గురు రచయితల 18 పుస్తకాల మీద జర్మనీలో ఒక ప్రచురణ సంస్థ కేసు వేస్తే, 2018లో కోర్టు తీర్పు వచ్చాక, పాత పుస్తకాలు ఉచితంగా పెట్టే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ ఆ 18తో ఆగకుండా మొత్తం సైట్‌నే జర్మనీకి మూసేసింది, 2021లో రాజీ కుదిరేదాకా అక్కడివాళ్లకి ఒక్క పుస్తకమూ అందలేదు.

మీరు రచయిత చనిపోయిన సంవత్సరం ఆధారంతో సహా రాసి, హక్కులు మళ్లీ చూడమని హాతీట్రస్ట్‌కే అడగండి, అలాంటి విన్నపాలు వాళ్లు తీసుకుంటారు. ఈలోగా గూగుల్ బుక్స్‌లో, ఆర్కైవ్‌లో చూడండి. హాతీట్రస్ట్ స్కాన్లలో ఎక్కువ భాగం గూగుల్ చేసినవే, అదే కాపీని ఆర్కైవ్‌లోకి ఎవరో ఎక్కించి ఉండే అవకాశం బాగానే ఉంది.

ప్రశ్న: ఆర్కైవ్‌లో ఇదివరకు గంటసేపు అరువు తీసుకుని చదివిన పుస్తకం ఇప్పుడు రావట్లేదు. వీపీఎన్‌లో దేశం మార్చినా అంతే. ఏం చేయాలి?

జవాబు: ఏ దేశం పెట్టినా రాదు. అది బ్లాక్ కాదు. ప్రచురణకర్తలు 2020లో వేసిన కేసులో ఆర్కైవ్ ఓడిపోయింది, 2024లో అప్పీల్ కూడా పోయింది, 5 లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి తీసేశారు. చూపు లోపం లాంటి ఇబ్బందులున్నవారికి మాత్రం వేరే ఏర్పాటు ఉంది. మిగతావాళ్లు వరల్డ్‌క్యాట్‌లో ఆ పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో చూసి, ఇంటర్ లైబ్రరీ లోన్ (ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీ నుంచి అరువు తెచ్చిపెట్టడం) ద్వారా తెప్పించగలరేమో దగ్గర్లోని లైబ్రేరియన్‌ని అడగండి. ఒక అధ్యాయమే కావాలంటే స్కాన్ చేసి పంపే లైబ్రరీలు చాలానే ఉన్నాయి. మర్యాదగా ఒక మెయిల్ రాస్తే పని జరిగిపోయే చోట జనం గంటలు గంటలు సర్వర్లు మారుస్తూ కూర్చుంటారు, అదేంటో నాకర్థం కాదు.

ప్రశ్న: మంచి ఉచిత వీపీఎన్ యాప్ చెప్పండి. ఆఫీసు లాప్‌టాప్‌లో వేసుకోవచ్చా?

జవాబు: ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు. అది మీది కాదు, ఎవరు ఏం వేశారో ఆఫీసువాళ్లకి తెలుస్తుంది, ఒక పాత పుస్తకం కోసం ఉద్యోగం మీదకి తెచ్చుకోకండి. ఇక ఉచితం అంటారా, వీపీఎన్ పెట్టుకుంటే మీరు వెళ్లే సైట్ల పేర్లు ఇంటర్నెట్ కంపెనీకి బదులు ఆ యాప్‌వాళ్లకి కనబడతాయి, డబ్బులు తీసుకోకుండా సర్వర్లు నడుపుతున్నవాళ్లకి ఆదాయం ఎక్కడిదో అడిగి చూసుకోండి. పుస్తకం కోసమే అయితే టోర్ చాలు.

ప్రశ్న: ఒక పాత వెబ్‌సైట్‌లో అరుదైన పత్రికల స్కాన్లు ఉండేవి. ఇప్పుడు సైటే లేదు. ఇక పోయినట్టేనా?

జవాబు: సైట్ అడ్రస్ గుర్తుంటే ఆశ ఉంది. పాత వెబ్ పేజీలని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రస్ కొట్టి, క్యాలెండర్‌లో ఒక తేదీకి దొరక్కపోతే ఇంకో తేదీ చూడండి, ఎందుకంటే పేజీ ఒకనాడు, పీడీఎఫ్ ఇంకోనాడు సేవ్ అయి ఉంటుంది. అడ్రస్ చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ఆ సైట్ నుంచి సేవ్ అయిన ఫైళ్లన్నీ జాబితాగా వస్తాయి, పక్కన ఉన్న ఫిల్టర్ పెట్టెలో పీడీఎఫ్ అని ఇంగ్లిషులో కొడితే స్కాన్లు మాత్రమే మిగులుతాయి. కొన్నిటి పేరు ఉంటుంది కానీ నొక్కితే ఏమీ రాదు. వచ్చినవాటిని వచ్చినట్టే మీ కంప్యూటర్‌లోకి దింపేసుకోండి.