పాత డిజైనుకు కొత్త ధరా?

ప్రశ్న: మా నాన్నగారి రోజుల్లో రివాల్వరంటే చవక ఆయుధమట. ఇప్పుడు చాలా పిస్టళ్లకంటే దానికే ధరెక్కువ. ఎందుకండీ?

జవాబు: పిస్టల్ ఫ్రేమును పాలిమర్‌తో, అంటే గట్టి ప్లాస్టిక్‌తో అచ్చు పోసేయొచ్చు, గ్లాక్ కంపెనీ 1980ల నుంచీ చేస్తున్నదదే. రివాల్వర్‌కు ఆ సుఖం లేదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ సిలిండర్, అంటే తూటాలుండే గుండ్రటి డ్రమ్ము తిరిగి, తూటా ఉన్న గది సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఆగాలి. కాస్త పక్కకు ఆగిందా, తూటా అంచు చెక్కుకుపోయి సీసం తునకలు చిమ్ముతాయి. ఆ పొందిక కుదిర్చేందుకు చిన్న ఆకురాయి పట్టుకుని పూటంతా కూర్చునేవాళ్లం. నా కళ్లజోడు అప్పుడొచ్చిందే! ఇప్పుడు అంత ఓపికున్న పనివాళ్లేరీ? 1955లో వచ్చిన కోల్ట్ కంపెనీ పైథాన్ రివాల్వర్‌ది అచ్చంగా అలాంటి చేతిపని. 2005లో ఆపేశారు. దాంతో పాతవాటి ధర చుక్కలనంటింది. 2020లో డిజైను మార్చి, కంప్యూటర్ యంత్రాల మీద మళ్లీ చేయడం మొదలెట్టారు. అయినా చవకేమీ కాలేదు. పాతది కొనేటట్లయితే మెరుగు చూసి మోసపోకండి, ముందు సిలిండర్ ఊగుతోందేమో చూడండి.