మెడ నలుపుకు క్రీమ్ వద్దు, బాబుకు పరీక్షలు చేయించండి

ప్రశ్న: మాకు రాయగడలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం ఉంది. బాబుకు 10 ఏళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. మెడ చుట్టూ నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. రాత్రిళ్లు గురక పెడతాడు. థైరాయిడ్ అయి ఉంటుందని తెలిసినవాళ్లు అంటే నెల రోజులుగా మెడికల్ షాపులో మాత్రలు కొని వేస్తున్నాం. కలిగిన ఇంటి పిల్లాడు ఆ మాత్రం ఒళ్లు చేయడా అంటారు మా అత్తగారు. మా పనమ్మాయి కొడుకుదీ ఇదే వయసు, సన్నగా హుషారుగా ఉంటాడు. డబ్బున్న ఇళ్లలోనే ఇలా ఎందుకు? మెడకు మంచి క్రీమ్ చెప్పండి. సంక్రాంతికి విశాఖ వచ్చినప్పుడు డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నాం.
- ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, క్రీమ్ సంగతి తర్వాత. ఆ థైరాయిడ్ మాత్ర ఈ రోజే ఆపేయండి. పరీక్ష లేకుండా, డాక్టరు రాయకుండా మొదలుపెట్టారు కాబట్టి ఇలా చెబుతున్నాను. డాక్టరు రాసిన థైరాయిడ్ మందు వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపకూడదు. అవసరం లేని పిల్లాడికి ఈ మాత్ర వేస్తే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి. థైరాయిడ్ నిజంగా తగ్గిన పిల్లలు సాధారణంగా ఎత్తు సరిగా పెరగరు. మీ బాబు వయసుకు తగ్గ ఎత్తే ఉన్నాడు. లావుగా ఉన్న పిల్లల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కాస్త ఎక్కువగా కనిపించడం మామూలే, బరువు తగ్గితే చాలావరకు అదే సర్దుకుంటుంది. రక్తపరీక్ష చేయించేటప్పుడు ఈ మాత్ర ఎంత డోసు, ఎన్నాళ్లు వేశారో తప్పకుండా చెప్పండి. లేకపోతే రిపోర్టు చూసి డాక్టరు పొరబడతారు.

ఇంకోటి అడగాలి. దగ్గో ఆయాసమో వచ్చినప్పుడల్లా షాపులో చిన్న మాత్రలు, సిరప్‌లు తెచ్చి వేశారా? వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. పదే పదే పడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. అలాంటివి చాలాకాలం వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్‌లు ఉంటే డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లండి.

మెడ నలుపు మురికి కాదు, రుద్దకండి. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది చాలాసార్లు మొదటి గుర్తు. చంకల్లో కూడా ఉందేమో చూడండి. మీరిచ్చిన లెక్కల ప్రకారం బాబు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 27 దాటింది. మన దేశంలో పెద్దవాళ్లకే 25 దాటితే ఊబకాయం అంటాం, పదేళ్ల పిల్లాడికి హద్దు ఇంకా తక్కువ. బాబును చూడకుండా నేను జబ్బు పేరు పెట్టలేను. కానీ బీపీ, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్ కోసం ఎస్‌జీపీటీ, టీఎస్‌హెచ్ చూడాల్సిందే. వీటి కోసం సంక్రాంతి దాకా ఆగడం ఏమిటమ్మా? మీ ఊళ్లోనే పిల్లల డాక్టరుకు ఈ వారంలో చూపించండి. అవసరమైతే వారే కోరాపుట్, బరంపురం మెడికల్ కాలేజీలకో విశాఖకో పంపుతారు. పుట్టినప్పుడు బాబు బరువెంతో కూడా చెప్పండి. రెండున్నర కిలోల లోపు పుట్టి తర్వాత లావెక్కిన పిల్లలకు షుగర్ ముప్పు ఎక్కువ.

ఇక మీ ప్రశ్న. అవును, మన దేశంలో ఇప్పటికీ కలిగిన ఇళ్ల పిల్లల్లోనే ఊబకాయం ఎక్కువ. సంపన్న దేశాల్లో ఇది తిరగబడింది, అక్కడ పేద పిల్లలే ఎక్కువగా లావెక్కుతున్నారు. మన దగ్గరా ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ దొరకని ఊరు లేదు కాబట్టి పేదింటి పిల్లలకు ఈ బాధ రాదనుకోవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం. మీ పనమ్మాయి కొడుకు సన్నగా ఉన్నాడని ఆరోగ్యంగా ఉన్నాడనుకోకండి, వాడికి రక్తం తక్కువేమో ఎవరైనా చూశారా?

డబ్బు దానంతటది కొవ్వు కాదు. అది ఇంట్లో ఏం మారుస్తుందో చూడండి. స్కూలుకు నడక పోయి వ్యాన్ వస్తుంది. వీధిలో ఆట పోయి ట్యూషన్, ఫోన్ వస్తాయి. చోడి (రాగి) అంబలి పేదవాళ్ల తిండి అయిపోతుంది, దాని బదులు చక్కెర కలిసిన మాల్ట్ పొడి గ్లాసులోకి వస్తుంది. రాయగడ కొండల్లో పండే చోళ్లు మీ కొట్లోనే ఉంటాయి కదా, పొద్దున్న వాటితోనే జావ చక్కెర లేకుండా ఇవ్వండి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో దాదాపు ఎనిమిది చెంచాల చక్కెర ఉంటుంది, అసలు ఇంట్లోకే తేవద్దు. రోజూ కనీసం గంట చెమట పట్టేలా ఆడాలి. పిల్లాడిని పస్తు ఉంచొద్దు, డైట్ పొడులు కొనొద్దు. ఒక్కడికే పథ్యం పెడితే నిలవదు, ఇంటిల్లిపాదీ అదే తినాలి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, డాక్టరు దగ్గరకు ఆవిడనూ తీసుకెళ్లండి. లావుగా ఉన్నాడని బాబును నలుగురిలో అనకండి.

గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, పగలు తూగుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, ఆయాసం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.