పిల్లిని పంపెయ్యకు, దాని గిన్నెని వంటింట్లోంచి తీసెయ్యి

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు మూడో నెల వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమని మీ అత్తగారు పట్టుబడుతున్నారనీ, నువ్వు రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదనీ కూడా చెప్పింది. ముందు అన్నం తిను. పిల్లిని ఎక్కడికీ పంపక్కర్లేదు, కుక్కని కట్టెయ్యక్కర్లేదు. మీ వంటిల్లు మాత్రం మారాలి. మొన్న వచ్చినప్పుడు చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫ్రిజ్ పక్కన పెట్టావే, వాటి గిన్నెలు రెండూ, వాటిని ఈరోజే బాల్కనీలోకి మార్చు. తిండి బస్తా కూడా అక్కడికే, మూత ఉన్న డబ్బాలో. ఇది నా చాదస్తం అనుకోకు. అమెరికాలో 2006 నుంచి 2008 దాకా ప్యాకెట్లలో వచ్చే డ్రై డాగ్ ఫుడ్ వల్ల 79 మందికి సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా సోకింది. వాళ్లలో దాదాపు సగం మంది రెండేళ్లు దాటని పిల్లలు. ఆరా తీస్తే, జంతువులకి వంటింట్లోనే తిండి పెట్టే ఇళ్లలో పసిపిల్లలకి ఈ జబ్బు ఎక్కువగా వచ్చిందని తేలింది. రేపు మీ ఇంట్లో కూడా ఒక పసిబిడ్డ నేల మీద పాకుతుంది కదా. అలవాటు ఇప్పుడే మార్చుకుంటే అప్పటికి టెన్షన్ ఉండదు.

ఆ గిన్నె లోపల ఒకసారి వేలితో రాసి చూడు. జిగురుగా తగులుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది కానీ ఆ జిగురంతా సూక్ష్మజీవుల పొరే. ఉత్త నీళ్లతో కడిగితే పోదు, సబ్బు పెట్టి పీచుతో రుద్దాల్సిందే. ఆ పీచు వేరే ఉండాలి, మన గిన్నెలు తోమేదాంతో కలవకూడదు. వీలైతే బాత్రూం వాష్‌బేసిన్‌లో రోజూ వేడినీళ్లతో కడుగు. ప్లాస్టిక్ గిన్నెలకి గీతలు పడి మురికి పట్టేస్తుంది, స్టీలువి కొను. రాత్రి మిగిలిన తిండి అలాగే వదిలెయ్యొద్దు. చీమలు, బొద్దింకలు సరే, ఎలుక వచ్చిందంటే దాని మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే భయం. ఆ ఎలుకని మీ పిల్లి తింటే అదింకో గొడవ.

నీ విషయంలో అసలు భయపడాల్సింది టాక్సోప్లాస్మా గురించి. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా సోకితే బిడ్డకి ప్రమాదం. ఆ క్రిమి పిల్లి మలంలో వస్తుంది, నిజమే. కానీ ఏ పిల్లి అయినా సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు కొన్ని వారాలు మాత్రమే దాన్ని బయటికి వదులుతుంది. అది కూడా ఎలుకనో, పచ్చి మాంసమో తింటే వచ్చేది. మీ పిల్లి గడప దాటదు కాబట్టి దానికి పచ్చి మాంసం పెట్టకపోతే చాలా వరకు నిశ్చింతే. పైగా బయటికొచ్చిన మలం వెంటనే అంటించదు, కనీసం ఒక రోజు పడుతుంది. అందుకని లిట్టర్ ట్రే ఏ రోజుది ఆ రోజే తియ్యాలి. ఆ పని మీ ఆయన చూసుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు. ఆయన ఊళ్లో లేకపోతే గ్లవ్స్ వేసుకుని తీసి, సబ్బుతో చేతులు బాగా కడుక్కో.

ఈ జబ్బు వంటింట్లోంచీ వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. సరిగ్గా ఉడకని మాంసం, మట్టి వదలని ఆకుకూర, రెండూ దారులే. తోటకూర, కొత్తిమీర పెద్ద బేసిన్‌లో వేసి, అడుగున ఇసుక కనబడనంత వరకు నీళ్లు మార్చి మార్చి కడుగు. మాంసం ఎముక నుంచి ఊడొచ్చేదాకా ఉడకనియ్యి. కూర సగం ఉడికినప్పుడు ఉప్పు చూడటం మనందరికీ అలవాటు, మాంసం కూరకి మాత్రం అది మానెయ్యి. చికెన్ కుళాయి కింద ధారగా కడిగితే ఆ చిందులు పక్కనున్న గ్లాసుల దాకా పడతాయి. గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకుని సబ్బుతో రుద్దు. మిగిలిన ముక్కలు పిల్లికీ కుక్కకీ పెట్టాలనుకుంటే ఉత్త నీళ్లలో ఉడికించి పెట్టు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ విషమే, కూరలోవి తీసి పెట్టకు. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి.

పిల్లి వంటగట్టు మీదకి ఎక్కకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, నేను ఎన్నో పిల్లుల్ని పెంచి చూశాను. అందుకే రాత్రి గట్టు మీద ఏదీ తెరిచి ఉంచకు. ఇడ్లీపిండి గిన్నె మీద బరువైన మూత పెట్టు. పొద్దున్నే, కత్తి ముట్టుకోక ముందే, గట్టుని సబ్బునీళ్లతో తుడిచెయ్యి. మాంసం కోసిన రోజు లీటరు నీళ్లకి ఒక టీస్పూను మామూలు బ్లీచ్ కలిపి రాసి, కాసేపాగి మంచినీళ్లతో తుడిచి, ఆరేదాకా పిల్లిని రానివ్వకు. బ్లీచ్‌లో వెనిగర్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ కలిపావంటే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.

నేల తుడిచే ఫినాయిల్ ఈరోజే ఇంట్లోంచి పంపించెయ్యి. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ లాంటి రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, కాళ్లు నాకి, ఒంట్లోకి ఎక్కించుకుంటుంది. తెల్ల ఫినాయిల్‌లో ఉండే పైన్ ఆయిల్ కూడా మంచిది కాదు. పనిమనిషికి చూపించి మరీ చెప్పు, లేకపోతే వాసన కోసం మళ్లీ పోస్తుంది.

వెంట్రుకల సంగతి చిన్నదే. దువ్వడం బాల్కనీలో చెయ్యి, ప్లేట్లు బోర్లించు, మసిగుడ్డ రోజూ ఉతుకు. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడం మాత్రం మరిచిపోకు, స్టవ్ మీదకి కాళ్లు పెట్టే కుక్కలు నాబ్ తిప్పేస్తాయి. రెండింటికీ నులిపురుగుల మందు, రేబిస్ టీకా ఎప్పుడు వేశారో పుస్తకం తీసి చూసుకో.

ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో పిల్లి ఉందని నువ్వే చెప్పు. టాక్సోప్లాస్మా నీకు ముందే వచ్చి పోయిందో లేదో చూసే రక్తపరీక్ష ఉంది, ఆవిడ చేయించుకోమంటే చేయించుకో. మీ అత్తగారిని కూడా తీసుకెళ్లు. ఆవిడ భయం నీ బిడ్డ గురించే కదా, డాక్టరు నోట వింటే కుదుటపడతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ కలిపి ఆవిడకివ్వు, నేను మాట్లాడతాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ