సాగర్ మట్టం, సముద్రపు మంచు

నల్లగొండ.

చిరంజీవి సోదరునికి ఆశీస్సులు.

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిందని మొదటి పేజీలోనే రాశావు. అంకె సరైనదే, అయితే అది దేని కొలతో, ఎలా తేల్చిందో వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు.

ధ్రువ ప్రాంతంలో నెలల తరబడి చీకటి, వెలుతురున్న రోజుల్లో దట్టమైన మబ్బు. మామూలు ఫొటోలతో పని జరగదు కాబట్టే, 1978 చివరి నుంచి ఉపగ్రహాలు సముద్రం సహజంగా వెలువరించే సూక్ష్మతరంగాలను పట్టుకుంటున్నాయి. నీటికన్నా మంచుగడ్డ వాటిని ఎక్కువగా వెలువరిస్తుంది. ఆ తేడాను బట్టి, దాదాపు 25 కిలోమీటర్ల గడిలో మంచు ఎంత శాతమో అంచనా కట్టి, 15 శాతం ఉంటే చాలు, గడి మొత్తాన్నీ మంచు కిందే జమకడతారు. అంటే నువ్వు రాసిన 34 లక్షలలో ఖాళీ నీరు కూడా కలిసే ఉంది. ఇది వింతగా తోచవచ్చు గాని, వేసవిలో మంచు మీద నిలిచిన కరుగునీటి మడుగులు కూడా పరికరానికి సముద్రపు నీటిలాగే కనిపిస్తాయి. అందువల్ల గడిలోని శాతాన్ని కచ్చితంగా నమ్మడంకన్నా ఈ మోటు లెక్కే నయమనిపించింది శాస్త్రవేత్తలకు.

మందం సంగతి మరీ చిక్కు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులని మనవైపు పిల్లలకు కూడా తెలుసు. కట్టినప్పుడు ఆ మట్టానికి 408 టీఎంసీలు పట్టేవి, పూడిక చేరి ఇప్పుడు 312 పడుతున్నాయి. గట్టు మీద నిలబడి చూసేవాడికి మాత్రం అదే నిండుకుండ. మంచు కూడా అంతే, విస్తీర్ణం మారకుండానే పలచబడగలదు. 1958 నుంచి మంచు కిందుగా వెళ్లిన జలాంతర్గాములు ధ్వనితరంగాలతో దాని అడుగు భాగాన్ని కొలిచాయి. 2010లో ఎగిరిన క్రయోశాట్-2 ఉపగ్రహం రాడార్‌తో, 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం లేజర్‌తో, నీటిపైకి తేలిన భాగపు ఎత్తును కొలుస్తాయి. తేలేది సుమారు పదో వంతే కనుక, అక్కడ జానెడు పొరపాటు పడితే మందంలో పది జానలవుతుంది. పైన కురిసిన మంచు బరువుకు గడ్డ కిందికి దిగడం మరో తలనొప్పి.

ఇక్కడ మన భాష కూడా మోసం చేస్తుంది. డిసెంబరులో విజయవాడ రహదారిని కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, గడ్డకట్టిన సముద్రమూ మంచే. పొగమంచు, కురిసిన మంచు, మంచుగడ్డ అని ప్రతిచోటా విడమరిచి రాయి. పునరుక్తి అవుతుందని జంకకు.

చివరి పేజీలో, ఈ సముద్రపు మంచు కరిగి మచిలీపట్నం మునుగుతుందన్నావు. తేలే గడ్డ తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టింది; అది కరిగినందువల్ల మట్టం పెరిగేది దాదాపు శూన్యం. మట్టాన్ని పెంచేది గ్రీన్‌లాండ్ నేల మీద పేరుకున్న మంచు. ఆ పేరా తీసేసి మిగతాది పంపు.