లింటర్ ఎంచుకునే ముందు

అబ్బాయీ,

ఏ లింటర్‌లో (ఫైళ్ల రాతలో తప్పులు పట్టే టూల్) ఎన్ని రూల్స్ ఉన్నాయో పట్టిక వేస్తున్నావట. దాన్ని పక్కన పెట్టు. నీ ఫైళ్లలోంచే ఓ ఇరవై ఏరి, రెండు మూడింట్లో కావాలని తప్పులు పెట్టి, ఒక్కో టూల్‌నీ వాటి మీద నడుపు. ఏది ఏ తప్పు పట్టింది, ఏది ఊరికే గోల చేసింది, ఆ రెండూ రాసుకో చాలు.

మార్క్‌డౌన్‌కి (సాదా గుర్తులతో హెడింగులు, లింకులు రాసే పద్ధతి) మార్క్‌డౌన్‌లింట్ పెట్టిన రోజే పనిలోకి దిగుతుంది. ఇంకో టూల్ రిమార్క్‌లింట్‌కి ప్లగిన్‌లు (విడిగా చేర్చే ముక్కలు) నువ్వే పేర్చుకోవాలి. సొంత రూల్స్ రాసే ఉద్దేశం ఉంటేనే ఆ శ్రమ గిట్టుబాటు. అసలు తేడా దిద్దుబాటులో ఉంది. మార్క్‌డౌన్‌లింట్‌లో ఫిక్స్ ఆప్షన్ తప్పున్న చోటే చెయ్యి పెడుతుంది. రిమార్క్‌లింట్ వెనకున్న రిమార్క్ ఫైలంతా చెట్టుగా విప్పి మళ్లీ రాస్తుంది కాబట్టి బుల్లెట్ గుర్తులు, ఎస్కేప్‌లు మారిపోయి డిఫ్ (మారిన లైన్ల జాబితా) చాంతాడంత వస్తుంది.

మార్క్‌డౌన్‌లింట్‌లో మొదట విసిగించేది ఎండీ013, అంటే లైను పొడవు. డిఫాల్ట్ 80. తెలుగు ఫైళ్లలో ఇది మరీ అన్యాయం: 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు (స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం). దాన్ని ఆపెయ్. హెడింగ్ మెట్టు దాటేయడాన్ని పట్టే 001, ఖాళీ లింకుల్ని పట్టే 042 మాత్రం ఉంచు.

యామల్ (సెట్టింగులు రాసే ఫైలు పద్ధతి) ఫైళ్లని చూసే యామల్‌లింట్‌లో గోల ఎక్కువని రిలాక్స్డ్ ప్రీసెట్‌కి (మెత్తని రెడీమేడ్ సెట్టింగులకి) మారకు. దాంతో ట్రూథీ రూల్ కూడా పోతుంది. 'యెస్', 'నో', 'ఆన్' లాంటివి కొటేషన్ లేకుండా రాస్తే యామల్ 1.1 లైబ్రరీలు వాటిని నిజం, అబద్ధంగా చదువుతాయి. నార్వే దేశం కోడ్ 'ఎన్ఓ' కాస్తా 'నో' అనుకుని 'ఫాల్స్' అయిపోయేది అందుకే. ట్రూథీ పట్టేది వీటినే. డిఫాల్ట్ ఉంచి లైను పొడవు మాత్రం సడలించు. గిట్‌హబ్ వర్క్‌ఫ్లో ఫైల్లో 'ఆన్' కీ మీద అరిస్తే ట్రూథీ కింద చెక్-కీస్‌కి ఫాల్స్ ఇవ్వు. ఇంకో సంగతి, వట్టి వార్నింగులొస్తే యామల్‌లింట్ సున్నాతోనే, అంటే 'అంతా బాగుంది' అనే కోడ్‌తోనే, బయటికొస్తుంది. సీఐ (కోడ్ పంపగానే తనంతట నడిచే తనిఖీ) ఆగాలంటే స్ట్రిక్ట్ ఆప్షన్ ఇవ్వాలి.

ఎక్స్ఎంఎల్‌కి ఎక్స్ఎంఎల్‌లింట్ చాలు. నోఅవుట్ ఇవ్వకపోతే ఫైలంతా తెర మీద కుమ్మరిస్తుంది. స్కీమా (ఫైల్లో ఏ ఎలిమెంట్ ఎక్కడ రావాలో చెప్పే నిబంధన) ఇవ్వకపోతే ట్యాగులు సరిగా మూశావా లాంటి రాత నియమాలే చూస్తుంది, ఎలిమెంట్ల వరుస తప్పినా పట్టించుకోదు.

హెచ్‌టీఎంఎల్‌లో తీర్పు చెప్పడానికి ను చెకర్ అనే టూల్, దాన్ని జార్ ఫైలుగా నడిపితే జావా కావాలి. టైడీ అనే టూల్ శుభ్రం చేసే పనికి. దానికి ఎమ్ ఆప్షన్ ఇస్తే ఒరిజినల్ మీదే రాసేస్తుంది, జాగ్రత్త.

వేల్ వేరే జాతి. అది వాక్యశైలిని చూస్తుంది, మార్కప్ తప్పుల్ని కాదు. పై వాటితో పోల్చకు.

ఏది తీసుకున్నా వెర్షన్ నంబర్ బిగించు, లేకపోతే కొత్త రిలీజ్‌లో చేరిన రూల్ నువ్వు ముట్టుకోని ఫైలు మీద బిల్డ్ ఆపుతుంది. మొదటి ఆటోమేటిక్ దిద్దుబాటు విడి కమిట్‌గా (గిట్‌లో ఒక సేవ్‌గా) వెయ్యి, అందులో ఇంకే మార్పూ కలపకు.