గేము కన్నా నా పాత రిజిస్టరు దగ్గరే ఎక్కువ మంది ఆగారు

"ఆన్‌లైన్ నిఘా మీద ఒక డిజిటల్ గేము చేశాను. దాన్ని ఇన్‌స్టలేషన్‌గా, అంటే ఒక గదినే కళాప్రదర్శనగా మలిచి, చూపించాలని ఉంది. చిన్న ఊళ్లో జనానికి అర్థమవుతుందా?" అని అడిగారు. మీరు వివరించబోకుండా ఉంటే తప్పకుండా అర్థమవుతుంది.

నేను కళాకారుణ్ణి కాను. పర్లాకిమిడిలో పదమూడేళ్లు నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. ఇప్పుడు అదే గదిలో జిరాక్సు మిషను, ఆన్‌లైన్ దరఖాస్తులు. మా మేనల్లుడు డిజైన్ కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా సరిగ్గా మీరు చెప్పినలాంటి గేమే చేశాడు. సంక్రాంతి సెలవుల్లో దాన్ని మా ఊళ్లో ఒక కల్యాణమండపం పక్క హాలులో మూడు రోజులు పెట్టాం. నాకు తెలిసిందల్లా ఆ మూడు రోజుల్లో తెలిసిందే.

గేము కళ అవుతుందా అన్న చర్చలోకి మాత్రం దిగకండి. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా పాక్‌మ్యాన్, టెట్రిస్‌తో సహా 14 గేములను తన సేకరణలో చేర్చుకున్నప్పుడే అది తేలిపోయింది. మా ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు కూడా. "గెలిస్తే ఏమిస్తారు?" అన్నదొక్కటే వాళ్ల సందేహం.

మా మేనల్లుడి గేములో ఆడేవారు ఒక ఆఫీసులో గుమాస్తా. తెర మీద ఒక అమ్మాయి పంపుకున్న సందేశాలు, దిగిన ఫొటోలు, నెట్‌లో వెతికిన మాటలు ఒక్కొక్కటే వస్తాయి. అనుమానం కలిగించినవాటిని ఫైలులోకి లాగి పడేయాలి. చివర ఆ ఫైలు తెరుచుకుంటుంది. చూస్తే అందులో ఉన్నది ఆడినవారి చరిత్రే. ఏ ఫొటో దగ్గర ఎన్ని సెకన్లు ఆగారు, ఏ సందేశానికి వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు, ఏది లాగబోయి వదిలేశారు, అన్నీ ఉంటాయి. మనం ఏది నొక్కామన్నదే కాక ఎక్కడ తటపటాయించామన్నది కూడా రాసుకునే వెబ్‌సైట్లు నిజంగానే ఉన్నాయి కాబట్టి, వాడు కల్పించింది తక్కువ.

మొదటి రోజు ఈగలు తోలుకున్నాం. తెల్లగుడ్డ కట్టిన గోడలు, నడుమ ఒక స్టాండు, హెడ్‌ఫోన్లు, గోడ మీద రెండు పేజీల వ్యాసం. పద్దెనిమిదో శతాబ్దంలో జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లండు ఆయన ఊహించిన గుండ్రటి జైలు, నడుమ బురుజులో కాపలావాడు, వాడు చూస్తున్నాడో లేదో ఖైదీలకు తెలియకపోవడం. ఇదంతా నిలబడి ఎవరు చదువుతారు? వచ్చినవాళ్లు ముట్టుకుంటే పాడవుతుందేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు లేకుండా మొదలుపెట్టకండి. ఆట నిడివి పది నిమిషాలు పెట్టాడు, సాయంత్రానికి నాలుగుకు దించాం. ఒకరు లేచి వెళ్లగానే గేము దానంతట అదే మొదటికి రావాలి. లేకపోతే రోజంతా మీరే దాని పక్కన కాపలా కూర్చోవాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. మొదటి తెర మీద "గోప్యతా విధానమునకు నేను సమ్మతించుచున్నాను" అని ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మా తెలుగూ మేమూ ఇక్కడే ఉండిపోయాం. ఆ ఊళ్లో కూర్చుని ఈ వాక్యం ఎలా రాశావురా అంటే, ఫోనులో అన్ని యాప్‌లూ ఇలాగే రాస్తాయి మామయ్యా అన్నాడు. నిజమే. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం, అనుమతి కోరే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలుండాలంటుంది. ఏ తెలుగులో అన్నది మాత్రం చెప్పదు. అర్థం కాని తెలుగులో అడిగితే ఎవరైనా "సరే" అనే నొక్కుతారు. "మీరు చేసేదంతా రాసుకుంటాం, సరేనా?" అని మార్పించాను. ఒడియాలోనూ అలాగే రాయించాం. అప్పుడు నలుగురైనా ఆగి ఆలోచించారు.

రెండో రోజు నా బుర్ర ఉపయోగించాను. అటక మీద మా నెట్ సెంటర్ నాటి ప్లైవుడ్ క్యాబిన్ చెక్కలు ఉన్నాయి, దింపించాను. 2011లో కేంద్రం సైబర్ కెఫేలకు నియమాలు పెట్టింది. గుర్తింపు కార్డు చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టకూడదు. క్యాబిన్ చెక్క నాలుగున్నర అడుగులు దాటకూడదు. క్యాబిన్ లేని చోట కంప్యూటర్ తెర బయటికి తిరిగి ఉండాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు, ఏ కంప్యూటరు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి లేచారు, అన్నీ రిజిస్టరుకు ఎక్కించాలి. నెలనెలా ఆ రిజిస్టరు నివేదికను మరుసటి నెల ఐదో తారీఖులోగా అధికారులు చెప్పినచోటికి పంపాలి. మేనల్లుడు కష్టపడి ఊహించిన గుమాస్తా ఉద్యోగం నేను ఏళ్ల తరబడి జీతం లేకుండా చేశానన్నమాట! హాలు వాకిట్లో పాత బల్ల వేసి, దాని మీద 2013 నాటి రిజిస్టరు పెట్టి, నేనే కూర్చున్నాను.

జనం విరగబడ్డారు. గేము కోసమని వచ్చినవాళ్లు రిజిస్టరు దగ్గరే ఆగిపోయారు. కొమ్ముబొమ్మలు చేసే ఒకాయన కొడుకుతో వచ్చాడు. ఆ అబ్బాయికి ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం. తండ్రి పేజీలు తిప్పుతూ వేలు ఒకచోట ఆపాడు. కొడుకు పేరు, మూడో నంబరు కంప్యూటరు, సాయంత్రం 4.10 నుంచి 5.00. కింద మళ్లీ గురువారం, మళ్లీ మంగళవారం. "అప్పుడు నీకు లెక్కల ట్యూషన్ కదరా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. ఆ అబ్బాయి కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ నవ్వులోనే మా వెనక వీధి ఆవిడ ముందుకు వచ్చింది. తన పేరున్న వరుస వెతుక్కుని, ఫోను నంబరు మీద అరచెయ్యి పెట్టింది. వెనక ఎవరో కుర్రవాడు ఫోనుతో ఆ పేజీ ఫొటో తీయబోతున్నాడు.

"అన్నయ్యా, ఇది ఇంకా ఎందుకు ఉంచారు?"

"కనీసం ఏడాది దాచమన్నారమ్మా. ఎప్పుడు చించాలో ఎవరూ చెప్పలేదు."

"మీరు అడిగారా?"

నేను అడగలేదు. రిజిస్టరు మూసి పురికొసతో కట్టేశాను. ఆ రాత్రి మేనల్లుడు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అన్నం కూడా సగమే తిన్నాడు.

మూడో రోజు బల్ల మీద రిజిస్టరు పక్కన ఒక నల్ల మార్కరు పెట్టాడు. ఎవరి వరుస వాళ్లు కొట్టేసుకోవచ్చని మూడు భాషల్లో రాసి అంటించాడు. పేజీలు తిప్పడం నా పని, ఒకరి వరుస ఇంకొకరికి కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టి. పది గంటలకల్లా వరుస కట్టారు. వెనక వీధి ఆవిడే మొదట వచ్చి, తన వరుసను రెండుసార్లు దిద్ది, కింద కాగితం చిరిగేదాకా రుద్దింది. గేము ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

మధ్యాహ్నానికి నాకు అనుమానం వచ్చింది. ఎవరో వచ్చి ఇంకొకరి వరుస కొట్టేస్తే? అందుకని మార్కరు ఇచ్చే ముందు ఆధార్ కార్డు చూపించమన్నాను. పక్కన ఒక కొత్త నోటుపుస్తకం తీసి పేరు, కార్డు నంబరు, వచ్చిన వేళ రాయడం మొదలుపెట్టాను. పదకొండో పేరు రాస్తుండగా మేనల్లుడు వచ్చి నా భుజం మీదుగా వంగి చూశాడు.

"మామయ్యా, ఏం రాస్తున్నావు?"